చల్లబడిన బండ

నేను ఒక థర్మల్ కెమెరాను. వెలుగుతో నాకు పనిలేదు. ఒంట్లో వేడి ఉన్న ప్రతి ప్రాణీ నా తెరమీద తెల్లగా కనిపిస్తుంది, చల్లనిదల్లా నల్లబడుతుంది. నన్ను తయారుచేసిన కర్మాగారంలో ఒకమ్మాయి తన అరచేతిని నా ముందు పెట్టి, అయిదు వేళ్లూ విడివిడిగా కనబడ్డాక, పాసైనట్టు చీటీ అంటించింది. ఆ రోజు నాకు ఎంత గర్వమో. చూడటం వేరు, చూసింది చెప్పగలగడం వేరు అని తెలియని వయసు.

అక్కడినుంచి నల్లమల అంచున ఉన్న ఒక అటవీశాఖ రేంజి ఆఫీసుకు వచ్చాను. దాని పేరు చెప్పను. అందులో ఇంకా ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లున్నారు. నాతోపాటు ఇంకో కెమెరా వచ్చింది, గుప్పెట్లో ఇమిడేంత చిన్నది. ఇద్దరిలో ఒకరిని ఉంచుకుని రెండోవారిని కంపెనీకి తిప్పి పంపాలి. తొందరగా తేల్చాలి కూడా. అడవిలో ఒక చుక్కల దుప్పి మెడకు ఉచ్చు బిగుసుకుంది. ఎవరో మోటారు సైకిలు క్లచ్ తీగతో పన్నిన ఉచ్చు. దుప్పి తెంపుకుని పారిపోయింది గానీ తీగ మెడలోనే ఉండిపోయి రోజురోజుకూ లోపలికి కోసుకుపోతోంది. ఆ కబురు తెచ్చినవాడు ఈదన్న. చెంచు మనిషి, ఆఫీసులో వాచరు, జాడ తీయడంలో దిట్ట. దానికి పాలు మరవని పిల్ల ఉందని అతను అందరికీ పదేపదే చెప్పాడు.

దుప్పిని వెతికి, మత్తు సూది వేసి, తీగ కత్తిరించాలి. పొదల్లో దాక్కున్నదాన్ని పట్టిచ్చే కెమెరా ఏదో తేల్చే బాధ్యత రేంజరు భద్రయ్య మీద పడింది. ఆ రోజు వాన. తడవడం ఎందుకని ఆయన కిటికీ తలుపు మూసి, అద్దంలోంచి నన్ను అడవివైపు తిప్పాడు. గాజు నాకు గోడతో సమానం. తెరమీద పెద్ద తల, దానికింద పెద్ద బొజ్జ కనిపించాయి. ఎలుగుబంటి అని ఆయన సంబరపడ్డాడు. అది అద్దంలో పడిన ఆయన ఒంటి వేడే అని మమ్మల్ని తెచ్చిన కంపెనీ మనిషి మెల్లగా చెప్పాల్సి వచ్చింది.

వాన వెలిశాక మమ్మల్ని చెక్‌డ్యామ్ కట్టమీదికి తీసుకెళ్లారు. మైలు అవతల మేస్తున్న గేదె నా తెరమీద కొమ్ములతో సహా కనిపించింది. చిన్నదానికి అది పెసరగింజంత చుక్క. భద్రయ్య అక్కడికక్కడే తేల్చేశాడు. మర్యాదకు ఈదన్నను కూడా చూడమన్నారు. అతను రెండింట్లోనూ చూసి, చిన్నదాన్ని చేతిలోనే ఉంచుకున్నాడు.

"అడవిల మైలు దూరం ఎవలు సూస్తరు సారూ? నాలుగు చెట్లు దాటి సూపు వోదు. గీ పెద్దదాంట్ల ఒక్క చెట్టే వడ్తది. చిన్నదాంట్ల అటుపక్క, ఇటుపక్క అన్నీ వడ్తున్నయి."

నూటికి నూరుపాళ్లూ నిజం. నాది దూరపు చూపు, కాని చాలా సన్నటి చూపు. నాకు నోరుంటే నన్నే తిప్పి పంపమని అడిగేదాన్ని. భద్రయ్య నవ్వి, పెద్దసారు తనిఖీకి వస్తే చూపించడానికి కాస్త ఘనమైనది ఉండాలి కదా అన్నాడు. చిన్నది ఆ సాయంత్రమే అట్టపెట్టెలో వెళ్లిపోయింది.

తరువాత రెండు రోజులు ఎండ మండింది. ఆ రెండు రోజులూ ఈదన్న ఒంటరిగా తిరిగి జాడ తీశాడు. మూడో రోజు పొద్దు పొడవకముందే మమ్మల్ని వెంటబెట్టుకు వెళ్లాడు. పశువుల డాక్టరు సుహాసిని భుజాన మత్తు సూదుల తుపాకీ ఉంది. నేను బరువు కాబట్టి, చేతుల్లో వణుకుతాను కాబట్టి, నన్ను మూడుకాళ్ల స్టాండుకు బిగించారు. వెదురు పొదల్లో తెల్లటి ముద్ద కనిపించగానే భద్రయ్య చెయ్యి ఊపాడు. డాక్టరమ్మ పేల్చింది. ఠంగుమంది. అది పగటి వేడిని రాత్రంతా దాచుకున్న బండ. మేము ఆఫీసు చేరేలోపే కబురు చేరింది. బండకు మత్తెక్కిందా సార్ అని డ్రైవరు కూడా అడిగాడు. భద్రయ్య ఆ పూట అన్నం సరిగా తినలేదు.

మర్నాడు పొద్దున ఒకచోట ఈదన్న టక్కున ఆగాడు. పుండు వాసన వస్తోందని చెవిలో చెప్పాడు. స్టాండు నిలబెట్టారు. యాభై గజాల దూరంలో, ఆకుల సందులో, తెల్లటి ముద్ద. అది సన్నగా ఊపిరి తీసుకుంటోంది. నాకు తెలుసు. భద్రయ్య ఒక్క చూపు చూసి, ఇదీ బండే, నిన్న పోయిన పరువు చాలు అన్నాడు. ఈదన్న మళ్లీ వాసన సంగతి ఎత్తితే, గాలికి ఎక్కడినుంచైనా రావచ్చునన్నాడు. అడుగు ముందుకేస్తే అసలు దుప్పి బెదురుతుందని అందరినీ అక్కడే కూర్చోబెట్టాడు.

నలభై నిమిషాలు కూర్చున్నారు. నన్ను ఎటు తిప్పితే అటే చూడగలను. నా తెర ఎవరూ చూడటం లేదు. నేను మాత్రం చూస్తూనే ఉన్నాను. ముందు చెవులు బూడిదరంగుకు తిరిగాయి. తరువాత కాళ్లు. ఊపిరి ఎప్పుడు ఆగిందో కూడా నాకు తెలుసు. అంత ఖరీదైన కన్ను పెట్టినవాళ్లు మోగడానికి ఒక చిన్న గంటైనా పెట్టలేదు.

పొదమీద ఎండ పడింది. ఈదన్న ఎవరినీ అడగకుండా లేచి వచ్చి నాలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎండ వడ్డంక బండ కాగుతది సారూ. గిది సల్లవడుతున్నది."

పరుగెత్తారు. తీగ మెడలో అంగుళం లోతున ఉంది. డాక్టరమ్మ మోకాళ్లమీద కూలబడి, చాలాసేపు దాని రొమ్ము నొక్కుతూనే ఉంది. తల్లికి మూడడుగుల ఎడంగా, నా చూపు అంచుకు అవతల, పిల్ల నిలబడి ఉంది. పొద్దుటినుంచీ అక్కడే కాళ్లు మార్చుకుంటూ నిలబడి ఉందని నేలమీది గిట్టల గుర్తులు చూసి ఈదన్న చెప్పాడు. చిన్న కెమెరాలో అయితే ఇద్దరూ పడేవారు. పక్కన పిల్ల కదులుతుంటే ఆ ముద్దను ఎవరు బండ అంటారు? భద్రయ్య నన్ను స్టాండునుంచి విప్పబోయి, మరమేకును ఊడేవైపు కాక బిగిసేవైపు తిప్పాడు.

పరికరం దుప్పి ఉన్న చోటును కచ్చితంగా చూపించింది అని నివేదికలో రాశారు. అందులో అబద్ధం లేదు. అందుకే నాకు అంత సిగ్గు.

నెల తరువాత పెద్దసారు వచ్చారు. బీరువాలోంచి నన్ను తీసి వరండాలో నిలబెట్టారు. ఆయన నన్ను ఆఫీసు పెరడువైపు తిప్పి, చాలా స్పష్టంగా ఉందని మెచ్చుకుని, ఆ చివర తెల్లగా ఉన్నదేమిటి, బండా అని అడిగారు.

"బండ గాదు సారూ," అన్నాడు ఆ చివర చెట్టుకింద కూర్చున్న ఈదన్న, ఒళ్లో దుప్పిపిల్లను సర్దుకుంటూ. "పాలు తాగి పండుకున్నది."