షహనాజ్ మీద బరువు

దవాఖానలో ఆయా పని ముగించుకుని ఆలేరు స్టేషను వెనకనున్న ఇంటికి చేరేసరికి రబియాకు ఒళ్ళు తనది కానట్టుండేది. పొద్దంతా నీళ్ళ బకెట్లు మోయడం, రోగులను లేపి కూర్చోబెట్టడం, స్ట్రెచరు పట్టడం. శుక్రవారాలైతే కాళ్ళు కడుక్కునే తీరిక కూడా దొరికేది కాదు. గుమ్మంలో అడుగు పెట్టకముందే తండ్రి దస్తగిరి, "పుస్తకం వచ్చింది, చదువుతవా బేటీ?" అని అడిగేవాడు.

అది మలక్‌పేట గుర్రప్పందేల పుస్తకం. ఆ వారం ఏ పందెంలో ఏ గుర్రం దిగుతుంది, జీనులో సీసపు పలకలు పెట్టి దాని మీద ఎంత బరువు వేశారు, ఎవరు నడుపుతారు, ఇదివరకు ఎలా పరుగెత్తింది, అన్నీ అందులో ఉంటాయి. స్టేషన్లో పార్సిల్ గుమాస్తా అమరేందర్ దాన్ని సికింద్రాబాద్ నుంచి తెప్పించి, ఇంటికి పోతూ పోతూ ఇచ్చి, కాసేపు కూర్చుని వెళ్ళేవాడు.

దస్తగిరి ఒకప్పుడు జాకీ. గుర్రాలు మేపే మేనమామ వెంట చిన్ననాడే మలక్‌పేట చేరి, తేలికపాటి ఒళ్ళు కావడంతో జీను మీదికెక్కాడు. ఓ వానాకాలం గుర్రం జారి మీద పడి మోకాలు నుజ్జయింది. ఆ తర్వాత ఊరికే ఉండలేక పందేలు కాసి, సంపాదించిందంతా అక్కడే పోగొట్టాడు. భార్య పోయేముందు ఆమె చెయ్యి పట్టుకుని ఇక కాయనని ఒట్టు వేశాడు. ఒట్టు తప్పలేదు గానీ గుర్రాలను మరవలేకపోయాడు. షుగరు జబ్బుతో చూపు మందగించాక, భర్త మరో పెళ్ళి చేసుకున్నాడని భువనగిరి నుంచి తిరిగొచ్చిన కూతురే ఆయనకు పుస్తకం చదివి పెట్టేది.

ఆ ఇంటిని తిన్నది గుర్రాలేనని రబియాకు కోపం. అందుకే మొదట్లో గొణుగుతూ చదివేది. కానీ ముసలాయన ఊరికే వినేవాడు కాదు.

"గెల్సినదాన్ని అందరు చూస్తరు బిడ్డా. ఓడినదాన్ని చూడు. ఎందుకోడిందో చూడు."

"గెల్సినదాని మీద మల్లోసారి బరువెందుకు పెంచుతరు బాబా?"

"అన్ని గుర్రాలు ఒక్కతీరుగ రావాలె గద. మంచిదాని మీద ఎక్కువేస్తరు, నీరసందాని మీద తక్కువేస్తరు. ఆ బరువులేసేటోడు ఏడ తప్పు జేసిండో పట్టుడే మన పని." మళ్ళీ తనే అనేవాడు. "ఆ బరువు సురువుల తెల్వదు. ఆఖరుకు, గెలుపు కంబం కనవడ్డంక, అప్పుడొచ్చి రొమ్ము మీద కూసుంటది."

ఆ మాట రబియాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. స్ట్రెచరు బరువు మెట్ల కింద ఉన్నప్పుడు తెలియదు, మెట్లన్నీ ఎక్కి వార్డు తలుపు కనపడ్డాకే చేతులు ఊడిపోతాయి. అలా ఆ లెక్కలు ఆమెకు తెలియకుండానే ఒంటబట్టాయి. శుక్రవారం ఇద్దరూ తలా ఒక గుర్రం అనుకునేవారు. సోమవారం పేపర్లో చూసుకునేవారు. పైసా కాసేది లేదు. అంతే ఆ ఇంట్లో సంబరం.

ఎనభై ఎనిమిది వానాకాలంలో ఓ సాయంత్రం అమరేందర్ మిఠాయి డబ్బాతో వచ్చాడు. ముగ్గురు ఆడపిల్లలు, మంచాన పడ్డ తల్లి, ఎన్నేళ్ళయినా రాని ప్రమోషను. ఎప్పుడూ నిద్ర చాలనట్టుండే ఆ మనిషి మొహం ఆ రోజు వెలిగిపోతోంది.

"చాచా, మీరిద్దరు మాట్లాడుకునేది ఇనుకుంటనే పోయి కాసిన. నాలుగైదు వారాలసంది కాస్తున్న. గెల్సిన!"

రబియాకు ఒళ్ళు మండింది. "గదేం పని అన్నా? మా ఇంట్ల మాట తీస్కపోయి..."

"ఊకో బిడ్డా," అన్నాడు దస్తగిరి. "నేను కాయలే గద." ఎన్నేళ్ళకో తన మాటకు విలువిచ్చే మనిషి దొరికాడు. ఆ గొంతులో పొంగు విని ఆమె మిఠాయి డబ్బా అందుకుంది.

"ఈ ఆదివారం ఒక్కటి గట్టిది చెప్పు చాచా. ఇగ మల్ల అడగ."

రబియా పెద్ద పందెం చదివింది. షహనాజ్ అనే ఆడగుర్రం పేరు రాగానే దస్తగిరి నిటారుగా కూర్చున్నాడు. తాను ఒకప్పుడు నడిపి గెలిపించిన మెహతాబ్ అనే గుర్రానికి అది మనవరాలు. "ఇదే! దీని అమ్మమ్మ బురదల గూడ గాలి లెక్క ఉరికేది. కండ్లు మూస్కొని కాయి."

రబియా వేలు ఆ వరుస మీదే ఆగిపోయింది. షహనాజ్ రెండుసార్లు గెలిచిన మాట నిజమే. కానీ రెండూ పొట్టి పందేలు. మొదటిసారి మిగతావాటిని చాలా దూరం వెనక వదిలేసి గెలిచింది, రెండోసారి తలకాయంత తేడాతో బయటపడింది. ఇప్పుడు బరువు పెరిగింది, దూరం పెరిగింది, పైగా వానకు నేల మెత్తబడి ఉంది.

"బాబా, ఇది ఆఖర్ల ఆగిపోతాంది. మార్నింగ్ బెల్ అని ఇంకోటున్నది. మూడుమాట్ల ఓడింది గని, ఆ మూడుమాట్లు గూడ ఆఖర్ల ఎన్కకెల్లి ఉరికొచ్చింది. దీనికి దూరమే చాలలే."

దస్తగిరి మొహం ముడుచుకుంది. "నేను ఎక్కిన రక్తమది. నాకు చెప్తవా?"

అమరేందర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో గొంతు తగ్గించి, "పెద్దమనిషి జీనెక్కి ఉరికినోడు చెల్లే," అని వెళ్ళిపోయాడు.

సోమవారం దవాఖానలో ఎవరో పడేసిన పేపరు చూసింది రబియా. షహనాజ్ మలుపు దాకా ముందుండి, కంబం దగ్గరికొచ్చేసరికి చివరి నుంచి రెండోదయింది. మార్నింగ్ బెల్ గెలిచింది. తన లెక్క నిజమైనందుకు ఆమెకు సంతోషం కలగలేదు. ఇంటికెళ్తే తండ్రి అడుగుతాడు. ఏం చెప్పాలి? అబద్ధం అల్లడానికి కూడా ఓపిక లేక ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ వారమంతా మాట తగ్గించాడు. శుక్రవారం అమరేందర్ రాలేదు, ఆ పై శుక్రవారమూ రాలేదు. పుస్తకం లేక ఇల్లు బోసిపోయింది.

ఓ శుక్రవారం పొద్దున రొట్టె పెడుతుంటే దస్తగిరి నెమ్మదిగా అడిగాడు. "అది ఓడుతదని నీకెట్ల తెల్సింది?"

"నువ్వు చెప్పిందే గద బాబా."

"అవ్. నేనే చెప్పిన, నేనే మర్చిన." ఆయన రొట్టె తుంచుతూ ఆగాడు. "మెహతాబ్ పేరు ఇనంగనే పానం ఆగలే బిడ్డా. మల్ల జీను మీద కూసున్నట్టే అయింది. ఇగ లెక్కేడుంటది?"

ఆ సాయంత్రం పని దిగి రబియా నేరుగా పార్సిల్ ఆఫీసుకు వెళ్ళింది. అమరేందర్ తలెత్తి చూసి, మళ్ళీ దించుకున్నాడు. గడ్డం మాసి ఉంది.

"పొద్దుగాలనే వచ్చింది," అంటూ బల్ల కింది నుంచి పుస్తకం తీసి ఇచ్చాడు. "ఇయ్యనీకి మొకం చెల్లలే. నేను ఆయన మీద కోపంల ఉన్ననని చాచా అనుకుంటడేమో. ఆయన తప్పేం లేదు చెల్లే. నువ్వు చెప్పంగ నేనే ఇన్లే."

రబియా పుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది.

అతను, "ఈ ఆదివారం ఏముంటదంటవ్?" అన్నాడు. ఆ కళ్ళలో ఆశ కూడా అలిసిపోయి ఉంది.

"నాకు తెల్వదన్నా," అంది రబియా. "ఇంటికి పో. నీ పిల్లలు ఎదురు చూస్తుంటరు."

ఇంట్లో దీపం కింద చాప వేసి పుస్తకం విప్పింది. దస్తగిరి పక్కనే ఒరిగి, "నువ్వు చెప్పు, నేనింట," అన్నాడు. మొదటి పందెం అయింది, రెండోది అయింది. మూడోది చదువుతుండగా ఆయన గురక వినిపించింది. రబియా దుప్పటి కప్పి, నొప్పిపెడుతున్న కాళ్ళు చాపుకుని, అక్కడే వేలు పెట్టి మళ్ళీ చదవసాగింది. ఆ పందెంలో అన్నిటికంటే తక్కువ బరువున్న గుర్రం పోయినసారి ఎందుకు ఓడిందో ఆమెకు ఇంకా అందలేదు.