కుడిపక్క మునుం

"ఓ శంకరీ, లేవే! పొద్దెక్కింది!"

బాలవ్వ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, వాడంతా వినబడేట్టు కేకేసింది. పిలవాల్సింది ఒక్కదాన్నే. అయినా గొంతు తగ్గదు, అలవాటలాంటిది. నాట్ల కాలమొస్తే ఇంటింటికీ పోయి ఆడవాళ్ళను లేపి పొలానికి తోలుకుపోయే పని ఆమెదే. ఒకప్పుడు ప్రతి వాకిట్లోంచీ ఓ తిట్టో, ఓ నవ్వో బదులొచ్చేది. ఇప్పుడేముంది, సగం ఇళ్ళకు తాళాలు! మగవాళ్ళు దుబాయి, మస్కట్ పట్టారు. పడుచువాళ్ళు పిల్లల చదువులంటూ కోరుట్లలో కిరాయికి దిగారు. ఉన్న ముసలమ్మలకు నడుం వంగదు. పొలాలు మనుషుల కోసం ఆగుతాయా? బెంగాల్ నుంచి మగకూలీలు దిగి, తాళ్ళు పట్టి చకచకా నాటేసి పోతున్నారు.

బాలవ్వ గుంపులో మిగిలింది శంకరవ్వ ఒక్కతే. లింగన్న పటేల్ తన బావి దగ్గరి మడి ఇంకా వీళ్ళకే ఇస్తాడు. అదీ ఇద్దరుంటేనే.

"ఒక్కదానివైతె నాకద్దు బాలవ్వా. నారు ముదురుతది," అని నిన్ననే తేల్చి చెప్పాడు.

మడిలో దిగి ఇద్దరూ వంగారు. ఎడమకు బాలవ్వ, కుడికి శంకరవ్వ. కాపురాలకొచ్చిన నాటి నుంచీ అదే వరస. నాటే పట్టీని మునుం అంటారు, ఎవరి మునుం వాళ్ళది. నాటుకుంటూ వెనక్కి జరగాలి. పక్క మనిషి వెనకబడితే ఆమె మునుంలో నాలుగు కుదుళ్ళు వేసి కలుపుకుపోవాలి. లేకుంటే ఆమె, చుట్టూ నాటిన వరి నడుమ చిక్కుకుని నవ్వులపాలవుతుంది. శంకరవ్వ ఎప్పుడూ వెనకబడేది. బాలవ్వ తిడుతూనే కలిపేది.

శంకరవ్వ నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది ఈరోజు సద్ది తినే దాకా ఉలుకూ పలుకూ లేదు.

"అక్కా, సుశీల ఆటో తీస్కోని అత్తంది," అంది చివరికి, కూతురి పేరెత్తి. "తంగళ్ళపల్లికి పోతున్న. అది బట్టలు నేసే సాంచెల కాడికి పోతే పిల్లలను చూసెటోళ్ళు లేరంట."

"మల్ల ఎన్నడత్తవు?"

శంకరవ్వ తలెత్తలేదు. "ఇల్లు బెంగాలోళ్ళకు కిరాయికిచ్చిన."

బాలవ్వకు పోవద్దని చేతులు పట్టుకుని ఏడవాలనిపించింది.

"పో మరి. పిల్లలు ఎదురుచూత్తరు," అంది.

ఆటో వచ్చింది. శంకరవ్వ కాలువలో కాళ్ళు కడుక్కుని, మూటల మధ్య ఒదిగి కూర్చుని వెళ్ళిపోయింది. బాలవ్వ మళ్ళీ మడిలో దిగింది. ఇంకేం చేస్తుంది?

పొద్దువాలాక లింగన్న ఒడ్డు మీదికొచ్చి నిలబడ్డాడు.

"గదేందే బాలవ్వా, కుడిపక్క పట్టీ ఎవలికి ఇడిసినవు?"

బాలవ్వ నడుమెత్తి చూసింది. పొద్దుటి నాటు ఆగిన చోటు నుంచి ఆమె పక్కనే, పొడుగునా ఖాళీ బురద. చేతులు వాటంతట అవే శంకరవ్వ జాగా వదిలేసుకుంటూ వచ్చాయి. సిగ్గుతో చితికిపోయింది. వెంటనే ఏడుపు తన్నుకొచ్చింది.

"ఏత్త పటేలా. నేనే ఏత్త."

"ఒక్కదానివి ఎన్నడేత్తవే..." లింగన్న గొంతు తగ్గించాడు. "ఎక్కు. పొద్దుగూకింది. మిగిలింది రేపు బెంగాలోళ్ళు ఏత్తరు తియ్."

ఆమె ఒడ్డెక్కి ఇంటిదారి పట్టింది. ఖాళీ పట్టీలో, శంకరవ్వ నిలబడాల్సిన చోట, మధ్యాహ్నం బాలవ్వ అలవాటు కొద్దీ విసిరిన నారుకట్ట ముడైనా విడకుండా బురదలో నిలబడి ఉంది.