మెరుపు కొలిచిన డబ్బా

"పొద్దున పాస్‌లో ఏం దించావు?" మెట్లెక్కుతూనే అడిగింది ఆమె.

యాంటెన్నా గదిలో కూర్చున్న మరిది తల ఎత్తలేదు. ఆమె భర్త ఇల్లు విడిచి వెళ్ళి ఏళ్ళు గడిచినా, ఆయన తమ్ముడు మాత్రం వదినా అని పిలవడం మానలేదు, ఆమె పక్క కుర్చీలో పని చేయడమూ మానలేదు. అందుకే ఆ వంచిన తలలో ఏముందో ఆమెకు ఇట్టే తెలిసిపోయింది.

"ఫొటో, వదినా."

"ఏం ఫొటో?"

"మబ్బులది. మధ్యాహ్నం ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారట. గోడకు తగిలించాలని రిబ్బన్ సారు ఫోన్ చేసి మరీ చెప్పారు."

రిబ్బన్ సారు ఆ సంస్థకు పెద్ద. ఎక్కడ రిబ్బన్ కనిపించినా కత్తెర కోసం చెయ్యి చాచే మనిషి. ఫొటో తీసింది చంటి, అంటే వాళ్ళ ఉపగ్రహం. అది వాళ్ళ ఊరి ఆకాశం దాటిపోయే కొద్ది నిమిషాలే పాస్; దానికి ఆజ్ఞలు పంపాలన్నా, అది దాచింది దించుకోవాలన్నా అప్పుడే. టీ డబ్బా కంటే కాస్త పెద్దది. దాని కడుపులో ఆమె తన చేత్తో అమర్చిన చిన్న స్ఫటికం ఉంది. గామా కిరణం తగిలినప్పుడల్లా అది మిణుక్కుమంటుంది. చంటి ఆ మిణుకుల్ని లెక్కపెట్టుకుంటుంది.

"రాత్రి ఏం జరిగిందో తెలుసా నీకు? ఎప్పుడో, ఎక్కడో ఓ నక్షత్రం కూలిపోతూ విసిరిన మెరుపు మన దాకా వచ్చింది. ఇంత వెలుగు ఇంతవరకు ఎవరూ చూడలేదంటున్నారు. పెద్ద ఉపగ్రహాలన్నిటికీ కళ్ళు బైర్లు కమ్మాయి. నువ్వేమో మబ్బులు దించావు!"

"నాకేం తెలుసు వదినా? సారు దించమన్నారు, దించాను."

"దూకమంటే దూకుతావా?"

అతను నవ్వబోయి ఆమె మొహం చూసి మానుకున్నాడు.

కుండపోత వానలో చినుకులు లెక్కపెట్టడం పెద్ద తొట్టి వల్ల కాదు. ఒకదాని మీద ఒకటి పడి అన్నీ కలిసిపోతాయి. చిన్న గిన్నెలో పడేవి తక్కువ, విడివిడిగా తెలుస్తాయి. ఆ మెరుపు పతాక స్థాయిలో అసలెంత వెలిగిందో చెప్పగలిగింది చంటి ఒక్కటే. ఆ లెక్క ఇంకా పైనే ఉంది. పైన దాచుకునే చోటు బహు తక్కువ. నిండగానే పాత లెక్క చెరిపి దాని మీదే కొత్తది రాసుకుంటుంది చంటి. చెరిపే వరస ఇప్పుడు ఆ మెరుపు దగ్గరికే వస్తోంది.

"తర్వాతి పాస్ ఎలా ఉంది?"

"ఆకాశం అంచున, ఇళ్ళ కప్పులకు ఆనుకుని పోతుంది. ఒక ఆజ్ఞ పంపే వ్యవధి ఉంటుంది, అంతే. లెక్క మొత్తం దిగాలంటే ఆ తర్వాతిది రావాలి."

"అప్పటికి చెరిగిపోతుంది."

"చెరిగిపోతుంది."

"అయితే రాత ఆపాలి."

మరిది కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. రాత ఆపాలంటే స్ఫటికం పెట్టెనే ఆపాలి. అంత చిన్న డబ్బాలో విడివిడిగా రెండు స్విచ్చులకు చోటు లేదు. అంతరిక్షంలో ఎండకూ కిరణాలకూ ఆ పెట్టె దెబ్బతిని ఉంది. కిందటిసారి ఆపితే వారాల తరబడి బతిమాలాక గానీ లేవలేదు. ఇక ఎన్నడూ ఆపకూడదని అందరూ అనుకున్నారు.

"ఈసారి లేవకపోతే?"

ఆమె జవాబు చెప్పేలోగా రిబ్బన్ సారు లోపలికి వచ్చారు. సంగతి విని చేతులు ఊపేశారు.

"వద్దమ్మా, వద్దు! మధ్యాహ్నం వాళ్ళ ముందు తెర మీద అంకెలు కదలాలి. పెట్టె ఆపేస్తే ఏం చూపిస్తాను?"

"పొద్దున పాస్ మీ మబ్బులకు పోయింది సార్. అది నాకు వదిలి ఉంటే ఇప్పుడు దేన్నీ ఆపే పని ఉండేది కాదు."

"ఒక్క ఫొటోకి ఇంత రాద్ధాంతమా?"

"ఒక్క ఫొటోనే!" ఆమె గొంతు గది దాటి మెట్ల మీదికి వెళ్ళింది. మొగుడు పెట్టె సర్దుకున్న రోజు కూడా ఆమె ఇలా అరవలేదు. "కోట్ల ఏళ్ళు నడిచి వచ్చిన వెలుగు సార్ అది. మళ్ళీ రమ్మంటే వస్తుందా? మీ పెద్దవాళ్ళైతే రేపైనా వస్తారు. అడ్డు లేవండి!"

పైకప్పు మీద యాంటెన్నా తిప్పే మోటారు మూలిగింది. చంటి వస్తోంది. మరిది సారు వైపు చూశాడు, వదిన వైపు చూశాడు, చేతులు బల్ల మీంచి తీసేశాడు. ఆమే మీట నొక్కింది. తెర మీద కదులుతున్న అంకెలు సున్నాలై నిలిచిపోయాయి.

ఆ తర్వాతి పాస్‌లో లెక్క దిగింది. తెర మీద గీత నిట్టనిలువుగా లేచి, మొనదేలి, మెల్లగా వాలింది. పైభాగం ఎక్కడా తెగలేదు.

"దొరికింది వదినా! పతాక స్థాయితో సహా!"

ఆమె తల ఊపిందే గానీ నవ్వలేదు. "లేపు దాన్ని."

పంపాడు. చంటి పలికింది. బ్యాటరీ బాగుంది, వేడి బాగుంది, రేడియో బాగుంది. మిణుకుల దగ్గర మాత్రం సున్నా. మళ్ళీ పంపాడు. సున్నా.

"పోనీలేమ్మా," అన్నారు సారు. గీత చూశాక ఆయన మొహం వెలిగిపోతోంది. "దాని పని అది చేసేసింది. ఇంతకంటే ఏం కావాలి?"

"చేసేసిందని మీకెవరు చెప్పారు? రేపు ఇంకోటి మెరిస్తే ఎవరు చూస్తారు, మీరా?"

కింద కార్ల తలుపులు మూసిన చప్పుడు, మెట్ల మీద బూట్ల చప్పుడు. సారు గబగబా చొక్కా సవరించుకున్నారు.

"వాళ్ళొచ్చేశారు. కాస్త ఆ గీత పెద్దది చేసి పెట్టమ్మా."

"గీత ఎక్కడికీ పోదు. చంటి ఇంకాసేపే ఉంటుంది." ఆమె ఆయన్ని బయటికి నడిపించి, తలుపు మూసి, గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది. బయట ఎవరో తలుపు తట్టారు. మళ్ళీ తట్టారు.

"వదినా, సారు పిలుస్తున్నారు."

"పిలవనీ. నువ్వు పంపు."

"అది కప్పుల కిందికి దిగిపోతోంది."

"కనబడినంతసేపు పంపు!"