చప్పుడు మానిన ఎయిర్‌గన్

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లలో జగ్గయ్యపేట చుట్టుపక్కల నేను విప్పని మోటారు లేదు, బిగించని చేతిపంపు లేదు. అయినా ఉద్యోగం అడగబోయిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న: "సర్టిఫికెట్ ఉందా?" మోటార్లు ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. అందుకే వాటితో నాకు పడుతుంది.

2004 ఎండాకాలంలో వీరరాఘవయ్యగారు నందిగామ దగ్గర మిర్చికి కోల్డ్ స్టోరేజీ కట్టారు. అందులో మెషీన్లు చూసుకోడానికి ఒక మనిషి కావాలి. నెలజీతం, ఫ్యాను కింద కుర్చీ. నేను అడిగాను. ఆయన మేనల్లుడు సతీష్‌బాబు కూడా అడిగాడు. అతనికి డిప్లొమా ఉంది. దానికి లామినేషన్ కూడా చేయించాడు.

రాఘవయ్యగారు ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఓ రోజు పొద్దున్నే జీపులో నా రిపేరు షాపుకొచ్చి పాత ఎయిర్‌గన్ ఒకటి బల్ల మీద పెట్టారు.

"రత్తయ్యా, చిల్లకల్లు తోటలో కోతులు మామిడికాయ నిలవనీడం లేదయ్యా. దీన్ని బాగుచెయ్యి. బాగైతే ఆ కుర్చీ నీదే. ఈమధ్య దీనికేమైందంటే..."

"నాకు తెలుసండి," అన్నాను.

"అది కాదయ్యా, ముందు నే చెప్పేది..."

"మీరు చెప్పక్కర్లేదండి. చూస్తే తెలిసిపోదూ!"

డిప్లొమా వాడైతే అడిగి తెలుసుకుంటాడు, నాకు చూస్తే తెలుస్తుంది అని ఆయనకు అర్థం కావాలని నా తాపత్రయం. ఆయన రెండు చేతులూ పైకెత్తి జీపెక్కారు.

ఎయిర్‌గన్ అంటే బ్రహ్మవిద్య కాదు. లోపల గట్టి స్ప్రింగు, దాని ముందు పిస్టను, పిస్టను మూతికి తోలు వాషరు. గొట్టాన్ని మధ్యలో వంచితే స్ప్రింగు ముడుచుకుని కూర్చుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ఒక్కసారిగా విప్పుకుని పిస్టన్ని తోస్తుంది. ఆ గాలి దెబ్బకి గొట్టంలో పెట్టిన పెల్లెట్, అంటే చిన్న గుండు, బయటికి పోతుంది. ఇంతా చేసి అది స్ప్రింగు మింగిన సైకిల్ పంపు.

షాపులో విప్పితే పదిమంది సలహాలిస్తారని ఇంటికి తీసుకెళ్లాను.

"ఏందయ్యా అది?" అంది మా ఆవిడ ఆదెమ్మ.

"తుపాకి."

"ఎవర్ని చంపుదామని?"

"సతీష్‌బాబు డిప్లొమాని."

వెనక మూత తీసేటప్పుడు స్ప్రింగు ఎగిరొస్తుందని నాకు తెలుసు. తెలిసి కూడా చేత్తోనే అదిమిపట్టాను. అది నా అరచేతిని గీరి, వంటింటి అలమరలోకి దూకి, కందిపప్పు డబ్బాని పడగొట్టి, స్టౌ కిందికి దొర్లిపోయింది.

ఆదెమ్మ చీపురు తెచ్చి పప్పు ఎత్తుతూ, "కోతుల్ని తోలడానికన్నావు గదా ఆ తుపాకి? మరి నువ్వెందుకు ఇంట్లో ఉన్నావు?" అంది.

అప్పట్నుంచీ బేరింగులు లాగే పుల్లరుతో బిగించి జాగ్రత్తగా పని చేశాను. లోపలంతా ఘోరంగా ఉంది. స్ప్రింగు వంకర తిరిగింది. దాని మధ్యలో ఉండాల్సిన కమ్మీ వదులై, కాల్చినప్పుడల్లా గణగణమంటోంది. తోలు ఎండి పెళుసెక్కింది. పిస్టను మూతి సుత్తితో మోదినట్టు చదునైంది. గన్నులో పెల్లెట్ లేకుండా ఊరికే కాలిస్తే అలా అవుతుంది. గొట్టంలోకి గుడ్డ దూర్చి లాగితే తుప్పు వచ్చింది గానీ, సీసం మరక ఒక్కటీ రాలేదు. పెల్లెట్లు సీసంవి. నాలుగు పెల్లెట్లు కాల్చిన గొట్టంలోనైనా మరక ఉంటుంది.

అక్కడ ఆగి ఆలోచించాల్సింది. "వాడకం తెలియని మనుషులు" అని తిట్టుకుని ముందుకుపోయాను.

మూడు రోజులు పట్టింది. విజయవాడ నుంచి కొత్త స్ప్రింగు తెప్పించి, రెండు కొసలూ చదును చేసి, అద్దంలా అరగదీశాను. లేతు మీద నైలాన్ కమ్మీ చేయించి, స్ప్రింగులో వెంట్రుకంత సందు కూడా లేకుండా దింపాను. సిలిండరు లోపల కర్రకు ఎమరీ కాగితం చుట్టి తిప్పితిప్పి నునుపు చేశాను. చేతిపంపుకు వాడే తోలులోంచి వాషరు కోశాను. గ్రీజు కొసవేలితో రాశాను, అంతే. నూనె చుక్క పడనివ్వలేదు. పిస్టను దూకుడుకి లోపల గాలి కాగిపోతుంది. నూనె ఉంటే అంటుకుంటుంది. తోలు మాడిపోతుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, ఒకరి గన్ను పాడుచేసి నేర్చుకున్నాను.

మూడో రోజు సాయంత్రం దొడ్లో గోడకి అగ్గిపెట్టె ఆనించి, ఇరవై అడుగుల దూరం నుంచి కాల్చాను. 'టప్' అంది. పుస్తకం మూసినట్టు. ఆ చప్పుడు చిన్నప్పుడే బాగా అలవాటైంది నాకు. అయిదు పెల్లెట్లూ రూపాయి బిళ్ల కింద దాగేంత చోటులో పడ్డాయి.

"పేల్చావా?" అని ఆదెమ్మ లోపల్నుంచి కేకేసింది.

"పేల్చా."

"నాకు వినబళ్లా."

"అదే మరి పనితనమంటే!"

మర్నాడు పొద్దున తోటకు తీసుకెళ్లాను. రాఘవయ్యగారు, సతీష్‌బాబు, కాపలా మనిషి ప్రేమదాసు మోటారు షెడ్డు దగ్గరున్నారు. ఎదురుగా చెట్ల మీద ఇరవై కోతులకు తక్కువ లేవు. కాయ కొరకడం, పారేయడం, ఇంకోటి కోయడం. చాలా పద్ధతిగా సాగుతోంది.

రాఘవయ్యగారు గన్ను వంచారు, మూశారు, ఆకాశంలోకి పెట్టి కాల్చారు.

'టప్.'

కోతులు మా వైపు చూశాయి. ఒకటి వీపు గోక్కుంది.

"ఏదయ్యా, పేలలేదే?" అన్నారాయన.

"పేలిందండి. పెల్లెట్ పెట్టలేదు మీరు."

"పెల్లెట్టా? ఎందుకు?"

"కొట్టాలి గదండీ."

"ఎవర్ని?"

"కోతుల్ని."

ఆయన మొహం ఎర్రబడింది. "శనివారం శనివారం పరిటాల వెళ్లి హనుమంతుడికి దండం పెట్టుకొచ్చేవాణ్ణి, ఇక్కడ ఆయన మనుషుల్ని కాల్చమంటావా? బుద్ధుందా నీకు? ఇది పేలితే ధన్‌మనేదయ్యా. ఆ మోతకే పోయేవి. ఈమధ్య మోత తగ్గింది, అది చూడమని చెప్పబోతే నువ్వు నోరు తెరవనిచ్చావా?"

గుడ్డకి సీసం మరక ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ ఆయన ఆ గన్నుతో వాడుకున్నది మోత ఒక్కటే. నేను మూడు రోజులు కూర్చుని ఆ మోతను పీకి పారేశాను.

సతీష్‌బాబు మొహం పక్కకు తిప్పుకుని నవ్వుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. పని చూపిస్తేనైనా గౌరవం మిగులుతుందని పెల్లెట్ పెట్టి, ముప్ఫై అడుగుల్లో ఒక కాయ తొడిమను గురిచూశాను. 'టప్.' తొడిమ తెగి కాయ రాలింది.

పెద్ద కోతి ఒకటి తాపీగా దిగొచ్చి, ఆ కాయ తీసుకుని, నా ఎదురుగానే కూర్చుని తినడం మొదలెట్టింది. వెనక ఇంకో రెండు వచ్చి కూర్చున్నాయి.

"ఇంకోటి కొయ్ బాబాయ్, పాపం ఎదురుచూస్తున్నాయి," అన్నాడు సతీష్‌బాబు. "మావయ్యా, దీన్ని హైదరాబాద్ పంపిద్దాం. అక్కడ కంపెనీవాళ్లుంటారు."

రాఘవయ్యగారు తల ఊపబోతున్నారు. ఆ తల ఊగిందంటే కుర్చీ పోయినట్టే.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాను. "ప్రేమదాసూ, మీ ఇంట్లో కొబ్బరినూనె ఉందా?"

"మా ఆవిడ తలకి రాసుకునేదుందన్నా."

"పట్టుకురా."

ఆ సీసా తెచ్చేలోగా గన్ను వంచి పట్టుకుని నిలబడ్డాను. అద్దంలా చేసిన సిలిండరు. ప్రాణం పెట్టి చేసిన పని. చేతులు రాలేదు, నిజం చెప్పాలంటే. అయినా గాలి వెళ్లే బెజ్జంలో నాలుగు చుక్కలు వేశాను. పెల్లెట్ పెట్టి, మనుషుల్ని వెనక్కి జరగమని, మట్టిగట్టు మీదికి గురిపెట్టి నొక్కాను.

ధన్!

దీపావళి బాంబులా పేలింది. గొట్టంలోంచి తెల్లటి పొగ, మాడిన కొబ్బరినూనె కంపు. ఇరవై కోతులూ ఒక్క గంతులో గట్టు దాటి కొండ దారి పట్టాయి. పెద్దది తింటున్న కాయ కూడా వదిలేసింది. సతీష్‌బాబు షెడ్డులోకి ఎప్పుడు దూరాడో చూడలేదు నేను.

రాఘవయ్యగారు చప్పట్లు కొట్టారు. "అదీ! అదీ మోతంటే! మా నాయన రోజుల్లో కూడా ఇట్టా పేల్లేదయ్యా. ఈ నాలుగు చుక్కలకి మూడు రోజులేం చేశావు?"

చెప్పడానికి నోటినిండా ఉంది. స్ప్రింగు కొసలు, నైలాన్ కమ్మీ, రూపాయి బిళ్ల. మింగేశాను.

"మోత ఎక్కడ పోయిందో వెతికానండి," అన్నాను. తర్వాత ఉండబట్టలేక, "కానీ ఇట్టా కాలిస్తే పది రోజుల్లో తోలు మాడిపోద్ది. స్ప్రింగు కూడా పోద్ది," అన్నాను.

"పోతే మార్చు. అందుకేగా నువ్వుండేది! సోమవారం తొమ్మిదింటికి నందిగామ వచ్చెయ్. నూనె సీసా మటుకు ఇక్కడే ఉండనీ."

ఇంటికొచ్చేసరికి ఆదెమ్మ గుమ్మంలోనే ఉంది.

"పేలిందా?"

"పేలింది."

"ఉద్యోగం?"

"వచ్చింది."

"మరి మొహం అట్టా పెట్టావేం?"

అది చెప్పాలంటే స్ప్రింగు కొసల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. స్టౌ ఆపి వచ్చి కూర్చోమన్నాను.