రెండుసార్లు రెప్ప వేస్తే

కబ్బన్‌పేటలో పట్టుచీరలు నేయించే ఓబళప్ప ఎవరేం అడిగినా ముందు కాదనేవాడు. ఆలోచించడం తర్వాతి సంగతి. కూతురు సుశీలను సొన్నప్ప కొడుకు ఆంజనేయులుకు ఇద్దామని భార్య సుబ్బలక్ష్మమ్మ ఏడాదిగా పోరుతున్నా కాదనే అన్నాడు. పిల్లవాడి మీద ఆయనకేమీ కోపం లేదు. ఎదురింటి సొన్నప్ప కూడా మగ్గాలవాడే. ఓబళప్ప నేయించిన చీర అంచు రంగు వెలిసిందని ఒకసారి నలుగురిలో సొన్నప్ప అన్నాడు. అంతే.

పందొమ్మిది వందల ఎనభై మూడులో ఓబళప్ప చేతులు పైకి లేవడం మానేశాయి. చొక్కా తొడుక్కోవడానికి తోడు కావలసి వచ్చింది. కింద కూర్చుంటే లేవలేకపోయేవాడు. "నాకేమీ కాలేదు" అంటూనే నెట్టుకొచ్చాడు. చివరికి ఒకరోజు కాఫీ మింగబోతే ముక్కులోంచి వచ్చింది. కాసేపటికే ఊపిరి అందక పడిపోయాడు. ఆంజనేయులు పరుగున వచ్చి ఆయన్ను ఎత్తుకుని టాక్సీలో వేశాడు.

ఒళ్లు తన కండలనే పగవాళ్లనుకుని పాడుచేసుకునే జబ్బని, పేరు పాలిమయోసైటిస్ అని ఆస్పత్రిలో తేల్చారు. ఊపిరి పీల్చే కండలు కూడా సడలిపోయాయట. ఐసీయూలో గొంతులోకి గొట్టం దింపి, మిషనుతో ఊపిరి ఆడించసాగారు.

"బతుకుతాడా సార్?" అని అడిగింది సుబ్బలక్ష్మమ్మ.

డాక్టరు కోలారు వైపు మనిషి. "మిషను దాకా వచ్చినోళ్లు అందరూ ఇంటికి పోరమ్మా. మందు పట్టల్ల, ఊపిరితిత్తులు చెడకుండా ఉండల్ల, అప్పుడే గట్టెక్కేది. తెలివి మాత్రం బాగా ఉండాది. అన్నీ వింటాడు, మాట్లాడిస్తా ఉండండి" అన్నాడు.

అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు రెప్ప వేయాలని నర్సు రోగికి నేర్పింది. పక్కనే ఏడుస్తున్న సుబ్బలక్ష్మమ్మ చెవికి సగమే ఎక్కింది.

"ఏమండీ, ఆంజనేయులు వరండాలోనే ఉండాడు, ఇంటికి పొమ్మన్నా పోలేదు. పిల్లను వాడికే ఇస్తామని చెప్పేదా?"

ఓబళప్ప రెండుసార్లు రెప్ప వేశాడు.

"నా తండ్రే! ఒకసారి అడిగితే రెండుసార్లు సరే అంటాడే!"

ఆయన కంగారుగా మళ్లీ రెండుసార్లు వేశాడు. ఇంకో రెండుసార్లు వేశాడు. ఆమె బయటికి పరుగెత్తింది. కొడుకుతోబాటు వరండాలో ఉన్న సొన్నప్ప వెంటనే లోపలికి వచ్చాడు.

"నువ్వింత మంచోడివని తెలీదప్పా! ఆ అంచు మాట మనసులో పెట్టుకోవద్దు. రంగు వెలిసింది నిజమే గానీ, ఇప్పుడెందుకులే."

మిషను కీచుమని అరిచింది. నర్సు సొన్నప్పను బయటికి తరిమేసింది.

ఆ తర్వాత జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. డాక్టరు తల ఎత్తి చూడడం తగ్గించాడు. సుబ్బలక్ష్మమ్మ పెళ్లి మాటే ఎత్తలేదు. భర్త చెయ్యి పట్టుకుని, "లేచి ఒక్కసారి నాతో కొట్లాడండి, చాలు" అనేది.

నెమ్మదిగా జ్వరం దిగింది. స్టెరాయిడ్ మందు పట్టింది. గొట్టం తీసిన రోజు ఓబళప్ప బొంగురు గొంతుతో మొదట అన్న మాట, "కాదు."

"ఏం కాదు?"

"పెండ్లి. రెండుసార్లంటే కాదని అర్థమే, పిచ్చిదానా!"

నర్సు నవ్వాపుకుంటూ అవునంది. అప్పటికే సొన్నప్ప పేటంతా మైసూరుపాకు పంచేశాడు.

గంజి మింగడం కుదిరిన నాడు ఆంజనేయులు ఎప్పటిలాగే వచ్చి, ఓబళప్ప చంకల కింద చేతులు వేసి కూర్చోబెట్టాడు. గంజి చల్లారిందో లేదో చూశాడు. ఓబళప్ప గంజి వద్దన్నట్టు మొహం తిప్పుకుని అడిగాడు.

"నా చీర రంగు వెలిసిందని మీ నాయన అన్న మాట నువ్వూ నమ్ముతావా?"

"చీర నేను చూడలేదు మామా. మీరు గంజి తాగండి."

ఓబళప్ప తాగాడు. "పిల్లను అడగండి. అది ఒప్పుకుంటే నాకు అడ్డం లేదు" అన్నాడు. సుశీల ఎప్పుడో ఒప్పుకుని ఉంది.

పెళ్లినాటికి మందుల వల్ల ఆయన మొహం పూరీలా ఉబ్బింది. ఆస్పత్రి భోజనం బాగా పట్టిందే అన్నారు చుట్టాలు. కన్యాదానంలో ధార పోయడానికి చెంబు ఎత్తబోతే చెయ్యి సగంలోనే ఆగిపోయింది. సొన్నప్ప ఆయన మోచేతి కింద తన చెయ్యి పెట్టాడు.

"ఇంకొంచెం ఎత్తప్పా," అన్నాడు ఓబళప్ప, "నీళ్లు నా పంచె మీద పడతా ఉండాయి."