దేని గురించి?

నర్సీపట్నం బస్టాండు వెనక కొత్తగా పెట్టిన ట్యుటోరియల్‌లో లెక్కలు చెప్పడానికి కరుణకుమారి 1979లో చేరింది. మధ్యాహ్నం పక్క టీ హోటల్ కుర్రాళ్లెవరూ ఖాళీ లేక, హోటల్ నడిపే దేవుళ్లు తనే కెటిల్‌తో టీ తెచ్చేవాడు. మేస్టర్లకు గాజు గ్లాసుల్లో, ఆమెకు సత్తు గ్లాసులో పోసేవాడు. గ్లాసులు చాలలేదేమో అనుకునేది. ఆమె తండ్రి జ్ఞానానందం సువార్త చెబుతూ ఊరూరూ తిరిగినవాడు. ఎవరు ఎందులో పోసిచ్చినా తాగి, దీవించి వచ్చేవాడు. ఆమెకు మాత్రం అది చిన్నప్పటి నుంచీ మింగుడుపడలేదు.

ఒకరోజు సైన్సు మేస్టారు రాలేదు. గాజు గ్లాసు ఒకటి మిగిలింది. అయినా ఆమె ముందుకు సత్తు గ్లాసే వచ్చింది.

"అది ఖాళీగానే ఉంది కదా దేవుళ్లూ, నాకు ఇందులో పోసినావేటి?"

దేవుళ్లు తల దించుకున్నాడు. "ఇంగ్లీషు మేస్టారు అలాగే పొయ్యమన్నారండి."

ఇంగ్లీషు చెప్పే మన్మథరావు పేపరు మడిచాడు. "ఇంత చిన్నదానికి టచ్చీ అయిపోతే ఎలాగండీ."

ఆ మాట ఆమెకు నిజంగానే తెలియదు. "టచ్చీ అంటే ఏటండి?"

పాఠం చెప్పే అవకాశం దొరికేసరికి ఆయన మొహం విప్పారింది. "చీటికీ మాటికీ నొచ్చుకునేవాళ్లని అలా అంటారు. వాడుక మాటలెండి, పరీక్షలో రాయకూడదు. 'షీ ఈజ్ టచ్చీ అబౌట్ హర్ ఏజ్' అంటే, వయసు ఊసెత్తితే ఆవిడకి కోపం."

"అబౌట్ తరవాత దేని గురించో సెప్పాలన్నమాట."

"అంతే."

"అయితే నా వాక్యం కూడా పూర్తి సెయ్యండి. నేను దేని గురించి టచ్చీ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "గ్లాసు గురించి."

"ఆ గ్లాసు నాకొక్కదానికే ఎందుకొచ్చిందో అదీ సెప్పండి."

ఆయన కళ్లజోడు పెట్టుకుని మళ్లీ పేపరు విప్పాడు. కరుణకుమారి మిగిలిన గాజు గ్లాసు అందుకుని, టీ అందులోకి వంచుకుని, నిలబడే తాగింది. చుక్క కూడా ఒలకలేదు.

సాయంత్రం ట్యుటోరియల్ యజమాని మత్స్యరాజు ఆమెను పిలిపించాడు. "మన్మథరావుగారు బాగా నొచ్చుకున్నారమ్మా. పెద్దాయన. తప్పయిందని ఓ మాట అనీసి, బేగి ఇది తెంపీ."

"ఆయన దేని గురించి నొచ్చుకున్నారో సెప్పమనండి. నోరు తెరిచి సెప్పగలిగితే అప్పుడు ఆలోసిస్తాను."

"ఉద్యోగం మాట కూడా ఆలోచించుకోమ్మా."

"ఆలోసించే వచ్చినానండి."

ఆమెను తీసేస్తే పరీక్షల ముందు లెక్కలు చెప్పేవాళ్లు లేరు. మత్స్యరాజు మళ్లీ ఆ ఊసెత్తలేదు. మన్మథరావు ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకుని వరండాలో తాగడం మొదలుపెట్టాడు. ఆయన ఖాళీ చేసిన కిటికీ పక్క కుర్చీలో కరుణకుమారి కూర్చోసాగింది. అక్కడ గాలి బాగా వచ్చేది.