అందరి నిద్ర

ఆ మూడంతస్తుల ఇంట్లో అందరికంటే ముందు లేచేది బస్సు డ్రైవరే. లేచేది అనడం కూడా తప్పే, ఆమె పడుకుంటే కదా. రాత్రి బుడ్డోడు రెండుసార్లు పాలకు లేస్తాడు. తెల్లారేసరికి ఆమె డిపోకి వెళ్లి, అద్దం తుడిచి, బ్రేకు తొక్కి చూసుకుని, మొదటి బస్సు బయటికి తీయాలి.

రాత్రిపూట ఆమె మేలుకుని పాలిస్తేనే ఆ ఇంట్లో మిగతావాళ్లకు నిద్ర పట్టేది. ఆమె కన్ను మూస్తే వాళ్ల కళ్లు తెరుచుకునేవి. బుడ్డోడు పుట్టిన దగ్గర్నుంచీ అంతే. ఆమె పాలిస్తూ కూర్చున్నంతసేపూ అత్తగారికి మోకాళ్ల నొప్పులు గుర్తుండేవి కావు. భర్త గురక గోడలు దాటేది. పై అంతస్తులో ఉండే డిపో మేనేజరు నిద్రమాత్రలు మానేశాడు. ఇందులో వింతేమీ లేనట్టు, కుళాయి నీళ్ల గురించి మాట్లాడుకున్నట్టే దీని గురించీ మాట్లాడుకునేవాళ్లు.

పోయిన వారం స్టీరింగు దగ్గర ఆమె రెప్ప వాలింది. బస్సు పేవ్‌మెంట్ ఎక్కి ఆగింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

మేనేజరు పిలిపించాడు. కంటినిండా నిద్రపోయిన మొహం నిగనిగలాడుతోంది.

"సోమవారం నీ బస్సులో వస్తా. మళ్లీ కునుకు తీశావో, స్టీరింగు మర్చిపో. షెడ్డులో బస్సులు కడుక్కోవడమే."

ఆమె బుడ్డోణ్ని డాక్టరుకు చూపించింది. బరువు బాగుంది, పగలు బాగా తింటున్నాడు, రాత్రి రెండుసార్ల పాలూ ఒక్కొక్కటిగా మానిపించొచ్చన్నారు. ఆదివారం సాయంత్రం ఇంట్లో చెప్పేసింది.

"ఇవాళ్టినుంచి మొదటిసారి లేస్తే పాలివ్వను. మీరే జోకొట్టి పడుకోబెట్టాలి."

సంగతి తెలిసి మేనేజరు కూడా మెట్లు దిగొచ్చాడు.

"పసివాడి నోటి దగ్గరది లాక్కుంటావటే?" అంది అత్తగారు.

"పగలంతా మెక్కుతూనే ఉన్నాడత్తయ్యా. మీ బాధ వాడి కడుపు గురించా, మీ మోకాళ్ల గురించా?"

"రేపు నాకు ఆఫీసుంది," అని నసిగాడు భర్త.

"నాకేమన్నా షికారుందా?"

"ఇంకో నెల ఆగొచ్చు కదమ్మా," అన్నాడు మేనేజరు.

"రేపటి పరీక్ష నెల ఆపుతారా సార్?"

"అది రూలు."

"ఇదీ రూలే. నాది."

ఆమె పక్కగదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

తెల్లవారుజామున బుడ్డోడు రెండోసారి లేచాకే బయటికొచ్చింది. భర్త కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"కాసేపు ఏడ్చాడు. అమ్మా నేనూ పోట్లాడుకుంటూ ఎత్తుకు తిప్పాం. పడుకున్నాడు. పైన మేనేజరు రాత్రంతా పచార్లే..." ఆమె పాలు పట్టగానే మాట పూర్తి కాకుండానే గోడకు ఒరిగి నిద్రపోయాడు.

పొద్దున మేనేజరు ఆమె బస్సెక్కి, ముందు సీట్లో నిటారుగా కూర్చున్నాడు. మొదటి మలుపులో తల వాలింది. మార్కెట్ దాటేసరికి గురక మొదలైంది.

"సార్ని లేపమంటావా?" అని అడిగింది వెనక కూర్చున్నావిడ, నవ్వాపుకుంటూ.

"పడుకోనివ్వండి, పాపం."

ప్రతి స్టాపులోనూ బస్సు గీత గీసినట్టు ఆగింది. తిరిగి డిపో చేరాక ఆమె ఆయన భుజం తట్టింది.

ఆయన మూతి తుడుచుకుని చుట్టూ చూశాడు. "ఎక్కడా కునుకు తీయలేదుగా?"

"ఎవరు సార్?"

బస్సు బస్సంతా గొల్లున నవ్వింది.

"సరేలే, స్టీరింగు నీదే," అన్నాడు. దిగబోతూ ఆగి గొంతు తగ్గించాడు. "ఆ రెండోసారి పాలైనా..."

"ఇంకో వారం ఇస్తాను సార్. తర్వాత అదీ మానిపిస్తున్నా," అని ఆమె రెండో ట్రిప్పుకు బండి తిప్పింది.